రైతుబజార్ సంచిలో పట్టే దేశం

మా వంటింట్లో పై అరకి మా ఆవిడ పెట్టిన పేరు శ్మశానం. సగం వాడి గట్టిపడిపోయిన ఒరెగానో సీసా, ఎవరో అమెరికా నుంచి వస్తూ తెచ్చిన మేపుల్ సిరప్, మీద తేదీ ఎంత వేశారో చూడ్డానికి నాకు ధైర్యం చాలని సోయా సాస్, ఒకసారి మూత తీసి మళ్ళీ తీయని ఆలివ్ కాయల డబ్బా, తహీనీ పేరుతో ఆన్‌లైన్లో తెప్పించిన నువ్వుల ముద్ద, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంట్లో నువ్వులూ మిక్సీ రెండూ పెట్టుకుని నువ్వుల ముద్దకి డెలివరీ ఛార్జీ కట్టిన మహానుభావుణ్ణి నేను. ఒక్కో సీసా ఒక్కో దేశం, ఒక్కో దేశానికీ మూడు వారాల ఉత్సాహం. నాలుగో వారం నుంచి మళ్ళీ మామూలే, పప్పుచారూ బంగాళాదుంప వేపుడూ.

ఏదైనా ఒక పరాయి దేశపు వంట గట్టిగా నేర్చుకోవాలనుంది, ఏది ఎంచుకోమంటావు అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగడానికి నేను షెఫ్‌ని కాదు. గాజువాక వైపు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం వచ్చేసరికి గరిటె పట్టుకునే బాపతు. కానీ పదేళ్ళలో ఇన్ని దేశాలని శ్మశానానికి పంపినవాడిగా నాకో అభిప్రాయం ఏర్పడింది, కొంచెం గట్టిగానే ఏర్పడింది. మనందరం వంటని నాలుకతో ఎంచుకుంటున్నాం, తప్పంతా అక్కడే ఉంది. ఎక్కడో హోటల్లో తిన్నాం, నచ్చింది, యూట్యూబ్‌లో చూశాం, నోరూరింది, ఇక మొదలుపెట్టేశాం. ఎంచుకోవాల్సింది సంచితో. ఆ దేశపు రోజువారీ వంటలు ఓ పది కాగితం మీద రాసుకుని, సంచి పట్టుకుని రైతుబజార్‌కీ చేపల బజారుకీ వెళ్ళి, కాగితంలో ఎన్ని సరుకులు సంచిలో పడ్డాయో చూడండి. ముప్పావు వంతు పడితే అది మీరు నేర్చుకోగలిగే వంట. పావు వంతే పడితే హోటల్‌కి వెళ్ళి హాయిగా తినండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎందుకంటే ఏ వంటయినా చేతికి రావాలంటే పదిహేనో ఇరవయ్యో సార్లు చేయాలి. మా అమ్మ పులిహోర పులిహోరలా ఉందంటే ఆవిడ రెసిపీ గొప్పదని కాదు, కొన్ని వందల సార్లు కలిపింది కాబట్టి. ఒక్కోసారికీ వెయ్యి రూపాయలు ఖర్చయ్యే వంట మనం ఇరవై సార్లు చేయం. రెండుసార్లు చేస్తాం, మొదటిసారి పాడవుతుంది, రెండోసారి పరవాలేదనిపిస్తుంది, మూడోసారికి డబ్బులు గుర్తొస్తాయి.

ఇటాలియన్ వంటతో నాకు జరిగింది అచ్చం ఇదే. వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె వేసి కలిపే స్పఘెట్టీ ఒకటుంటుంది, ఆల్యో ఎ ఓల్యో అంటారు. నాలుగే సరుకులు కదా, మన పోపన్నం కంటే తేలిక అనుకున్నాను. నాలుగే సరుకులైనప్పుడు నాలుగూ మేలైనవి అయ్యుండాలన్న సంగతి తర్వాత తెలిసింది. సూపర్‌మార్కెట్‌లో దొరికిన చవక ఆలివ్ నూనెతో చేస్తే వేడి చేసిన మందులా ఉంది. టమాటా సాస్ చేద్దామంటే మన నాటు టమాటాకి పులుపెక్కువ, కండ తక్కువ, చారుకి అది వరం గానీ ఆ సాస్‌కి శాపం. పార్మిజానో చీజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఇటలీలో పార్మా చుట్టుపక్కల కొన్ని జిల్లాల్లోనే తయారవుతుంది, కనీసం 12 నెలలు మాగబెడతారు. అక్కడివాళ్ళకి అది మనకి ఆవకాయ లాంటిది, ఎప్పుడూ ఇంట్లో ఉండే సరుకు. ఇక్కడ నాకు అది చిన్న ముక్క చేతిలో పెట్టి బంగారం బిల్లు ఇచ్చే వస్తువు. వాళ్ళ ఊళ్ళో పేదవాడి తిండిని నేను విశాఖలో జమీందారు తిండిగా మార్చుకుని, దాన్ని 'సింపుల్ ఫుడ్' అని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. ఇటలీ ముసలమ్మ ఎవరైనా నన్ను చూసి ఉంటే, మీ ఊళ్ళో చేపలు దొరకవా నాయనా, నీకీ కర్మేంటి అని ఉండేది.

ఇటలీ వంట గొప్పతనమంతా, ఆ ఊళ్ళో ఆ ఋతువులో ఏది పండితే దాన్ని వండుకోవడంలో ఉంది. సీసాలు దిగుమతి చేసుకుని ఆ వంట చేయడమంటే దాని పద్ధతికే ఎదురెళ్ళడం.

మిగతా దేశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. చైనా వంటకి సరుకులు చాలావరకు దొరుకుతాయి, కానీ మన ఇంటి గ్యాస్ పొయ్యికి ఆ మంట లేదు. మూకుడు నిండా కూరలు వేయగానే వేగడం మానేసి ఉడకడం మొదలెడతాయి. బీచ్ రోడ్డు మీద నూడుల్స్ బండి అబ్బాయికి ఉన్న బర్నర్ నాకుంటే నేనూ హీరోనే. జపాన్ వంటలో సగం దాషి అనే చారు మీద నిలబడుతుంది. దానికి కొంబు అనే సముద్రపు నాచూ, ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేప తురుమూ కావాలి, రెండూ ఆన్‌లైన్ బాపతే. థాయ్ దాదాపు నెగ్గింది, నిమ్మగడ్డి కుండీలో పెరిగింది, కొబ్బరిపాలకి లోటు లేదు, కానీ గలంగల్ వేరూ కాఫిర్ నిమ్మాకూ లేకుండా చేసిన ప్రతి కూరా కొబ్బరిపాల పులుసులాగే ఉంది. మెక్సికో దగ్గర మాత్రం ఒక మంచి సంగతి తెలిసింది. వాళ్ళు రొట్టెల పిండి కోసం మొక్కజొన్నని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి నానబెడతారు. సున్నం అంటే మన కిళ్ళీ కొట్టు సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. కిళ్ళీ కొట్టులో కిళ్ళీలే ఉంటాయనుకుంటాం గానీ అందులో ఒక ఖండం ఉందన్నమాట. అయితే ఆ రొట్టెల్లోకి నంజుకునే వాటికి కావాల్సిన రకరకాల మిరపకాయలు ఇక్కడ లేవు, గుంటూరు మిరపకాయ ఒక్కదానితో మెక్సికో రాదు.

ఇక నా సంచి పరీక్షలో నెగ్గిన దేశం బర్మా. మయన్మార్ అనాలి, కానీ మా ఊళ్ళో ఇప్పటికీ బర్మా అనే అంటారు, ఎందుకో ముందు ముందు చెప్తాను.

ఎక్కడో చదువుతుంటే చిన్ బాంగ్ చో అనే వేపుడు గురించి కనపడింది. పుల్లటి ఆకుని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, రొయ్యలు, వెదురు కొమ్ములతో కలిపి వేపుతారు. చిన్ అంటే పులుపు. ఆ ఆకు ఏమిటా అని ఫొటో చూస్తే, మన గోంగూర! సరేలే, ఒకటేదో కలిసిందనుకుని కాగితం తీసి మిగతావి రాశాను. మొహింగా అనే చేపల నూడుల్స్ ఉంది, అది వాళ్ళ ఉదయం టిఫిను. దానికి జెల్ల చేప, అరటి దూట, నిమ్మగడ్డి, శనగపిండి, బియ్యపు సేమ్యా కావాలి. బాలచావుంగ్ అంటే ఎండ్రొయ్యలు, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి కరకరలాడేలా వేపిన పొడి. షాన్ టోఫు పేరులోనే టోఫు గానీ అందులో సోయా లేదు, శనగపిండి, పసుపు, ఉప్పు, నీళ్ళు, అంతే. కప్పు పిండికి మూడు నాలుగు కప్పుల నీళ్ళు పోసి గరిటె జారుగా ఉడికించి పళ్ళెంలో పోసి వదిలేస్తే, పొద్దుటికి జున్నులా ముక్కలు కోసుకోవచ్చు. కొబ్బరిపాలల్లో కోడి, నూడుల్స్ వేసి చేసే ఓన్నో కావ్‌స్వే కూడా శనగపిండితోనే చిక్కబడుతుంది. కాగితం పట్టుకుని ఆదివారం పొద్దున్నే ముందు ఫిషింగ్ హార్బర్‌కి, అక్కణ్ణుంచి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. జెల్ల దొరికింది, ఎండ్రొయ్యలు దొరికాయి, గోంగూర సంగతి అడగక్కర్లేదు, అరటి దూట రైతుబజార్‌లో ఒక ముసలాయన ఎంతో చవగ్గా ఇచ్చాడు, వెదురు కొమ్ములు అరకు వైపు నుంచి వర్షాకాలంలో వస్తాయి. నిమ్మగడ్డి థాయ్ రోజుల్నుంచీ కుండీలో ఉండనే ఉంది. బయట నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్క ఫిష్ సాస్ సీసా.

ఇంకొకటి కూడా కావాలి నిజానికి, దాన్నెలా రాయాలో ఇప్పుడే తట్టింది. చిన్నప్పుడు బడిలో దిద్దించి, ఆ తర్వాత జీవితంలో ఎక్కడా వాడనివ్వని 'ఙ' అక్షరానికి ఇన్నాళ్ళకి పని దొరికింది. ఙపి. ఙ అంటే బర్మా భాషలో చేప, పి అంటే నొక్కి పెట్టినది. ఉప్పేసి మాగబెట్టిన చేపల ముద్దో రొయ్యల ముద్దో అన్నమాట. అది మాత్రం నేను తెప్పించలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎండు నెత్తళ్ళు వేపిన రోజే లిఫ్ట్‌లో ఎవరూ నా మొహం చూడరు, ఙపి వేపితే సొసైటీ మీటింగ్ పెడతారు. దాని బదులు ఎండ్రొయ్యల పొడి వేస్తున్నాను, రుచి కొంత తగ్గుతుంది, ఇరుగుపొరుగు మాత్రం మిగులుతారు.

మొదటిసారి మొహింగా చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. అర కిలో జెల్లని పసుపు, దంచిన నిమ్మగడ్డి, అల్లంతో ఉడికించి, ముళ్ళు ఏరి, కండ విడదీశాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం, ఎండుమిర్చి, లేత నిమ్మగడ్డి మొదలు, అన్నీ ముద్దగా నూరి నూనెలో వేపాలి. ఎంతసేపంటే, ముద్ద నీళ్ళన్నీ ఇగిరిపోయి నూనె మళ్ళీ పైకి తేలేదాకా. బర్మావాళ్ళు దీన్ని సీ బ్యాన్ అంటారు, నూనె తిరిగి రావడం అని అర్థం. అది తిరిగొచ్చాక చేప కండ వేసి ఇంకాసేపు వేపి, ఉడికించిన నీళ్ళు పోసి, వేయించిన శనగపిండి నీళ్ళలో కలిపి పోసి, అరటి దూట ముక్కలూ చిన్న ఉల్లిపాయలూ వేసి, గంటకి తక్కువ కాకుండా సన్న సెగ మీద ఉంచాలి. ఇందులో నాకు వచ్చిన పని ఒక్కటే, దూట తరగడం. చక్రాలుగా కోస్తూ, ముక్కకీ ముక్కకీ మధ్య సాగే నారని చూపుడువేలికి చుట్టుకుంటూ తీసెయ్యడం మా అమ్మ దగ్గర చూసిందే. నల్లబడకుండా ముక్కల్ని మజ్జిగ నీళ్ళలో వేయడం కూడా. బర్మాలో మజ్జిగ వేస్తారో లేదో ఆ క్షణంలో నాకు పట్టలేదు, చేతులు వాటంతటవే వేసేశాయి.

తర్వాత శనగపిండిని చన్నీళ్ళలో కలపకుండా నేరుగా మరిగే గిన్నెలోకి చల్లాను. ఉండలు కట్టేసింది. గరిటెతో చితుకుతూ, చితకనివి ఏరుతూ అరగంట యుద్ధం చేశాక మా ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసి, "ఇదేంటి, చేపల మజ్జిగపులుసా?" అంది. రంగు చూస్తే అనడంలో తప్పులేదు. కానీ ఖర్చెంతయిందని లెక్కేస్తే, ఇటలీ చీజ్ ముక్క ధరలో మూడో వంతు కూడా లేదు. అందుకే వారం తిరక్కుండా మళ్ళీ చేయగలిగాను. ఏడాదిలో పద్నాలుగు సార్లు చేశాను. స్పఘెట్టీ పదేళ్ళలో ఆరుసార్లు.

పద్నాలుగింటిలో ఐదోదో ఆరోదో, కాస్త కుదిరిందనిపించినప్పుడు, క్యారేజీలో పోసుకుని కంచరపాలెం వెళ్ళాను. అక్కడ బర్మా క్యాంప్ అనే పేట ఉంది, విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెప్తున్నాను. మనవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు, "రంగం పోయాడు" అంటే సంపాదనకి సముద్రం దాటాడని. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే పడిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది, 1930లో, రేవు పనుల దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పెద్ద గొడవలయ్యాయి, చాలామంది చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది బయల్దేరారు, కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ జపాన్ బాంబులే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా పడ్డాయి. మిగిలినవాళ్ళలో చాలామంది, 1962లో నే విన్ అనే సేనాధిపతి సైన్యంతో అధికారం పట్టి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసేశాక, కట్టుబట్టలతో ఓడలెక్కారు. అలా వచ్చినవాళ్ళకి దొరికిన చోటే బర్మా క్యాంప్.

మా ఆఫీసు స్నేహితుడి మామ్మగారు ఏడేళ్ళ పిల్లగా అలా ఓడ దిగింది. క్యారేజీ మూత తీసి వాసన చూసింది, ఒక చెంచా నోట్లో పోసుకుంది, కాసేపు ఏమీ అనలేదు. నాకు పరీక్ష రిజల్టుకి ఉండే టెన్షన్. "ఏటి బాబూ, ఇంత పలసగా సేసినావు? ఇది సారు కాదు కదా. పిండి ఇంకా ఎయ్యాలి" అంది. మళ్ళీ ఇంకో చెంచా. "దూట ఏసినావు, మంచిదే. మా యమ్మ నిమ్మకాయ పైన పిండుకోమనేది, నువ్వు లోపల పిండేసినావు." నిజమే, పులుపు దించే ముందే కలిపేశాను, చింతపండు పులుసు పెట్టే చేతికి ఆ తేడా తెలీదు. అక్కడ ఉడికిన గుడ్డు, కొత్తిమీర, వేపిన మిరపపొడి, నిమ్మచెక్క, అన్నీ పక్కన పెడతారు, ఎవరి గిన్నె వాళ్ళు కుదుర్చుకుంటారు. ఆవిడకి రంగం వీధులు పెద్దగా గుర్తులేవు. పొద్దున్నే కావిడి భుజాన వేసుకొచ్చి మొహింగా అమ్మే ఆవిడ మాత్రం గుర్తుంది. కావిడికి ఒక వైపు గిన్నె, ఇంకో వైపు సేమ్యా.

దీనికి మా తమ్ముడు ఒక అభ్యంతరం చెప్పాడు, అది తీసెయ్యాల్సింది కాదు. "గోంగూర, రొయ్యలు, శనగపిండి, అరటి దూట, ఇంకెక్కడి విదేశంరా? ఇంటి పక్క సందులోకెళ్ళి ఫారిన్ టూర్ అంటున్నావు" అన్నాడు. కొత్త రుచుల కోసం కదా పరాయి వంట నేర్చుకునేది, తెలిసిన సరుకులే తెచ్చుకుంటే కొత్తేముంది అని వాడి వాదన.

నాకు జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. సరుకులు కొత్తవైతే వంట ఎందుకు వేరుగా ఉందో మనకి తెలీదు, ఆ సీసాలో ఏదో మహిమ ఉందనుకుంటాం. సరుకులు మనవే అయినప్పుడు తేడా అంతా చేతిలోనే ఉందని దొరికిపోతుంది. చిన్ బాంగ్ చో చేసిన మొదటి రోజు గోంగూర మగ్గుతుండగా నా కుడిచెయ్యి నాకు తెలీకుండానే పోపుల డబ్బా మీదకి వెళ్ళింది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ. గోంగూర వాసన ముక్కుకి తగలగానే చెయ్యి అటు వెళ్ళకపోతే మనం తెలుగువాళ్ళమే కాదు. ఆ చెయ్యిని ఆపడం నేను నేర్చుకున్న అన్ని వంటల్లోకీ కష్టమైన పని, అబద్ధం కాదు. పోపు లేని గోంగూర, ఆకు పూర్తిగా ముద్దవకుండా, రొయ్య తీపి తెలిసేలా, పులుపు కాస్త ముడిగా ఉండేలా ఉంది. నాకు నచ్చింది. మా అమ్మాయికి నచ్చలేదు, "నాన్నా, ఇది గోంగూర పచ్చడి మర్చిపోయినట్టుంది" అంది. కరెక్టే. నలభై ఏళ్ళుగా తింటున్న ఆకు రుచి పోపు వెనక దాక్కుని ఉందని ఇటలీ వెళ్ళినా తెలిసేది కాదు.

ఇంకో లాభం వేసవిలో తెలిసింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, 61 రోజులు. హార్బర్ బోసిపోతుంది, దొరికే కాస్త చేపకీ ధర ఆకాశంలో ఉంటుంది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో బాలచావుంగ్ నడిచింది. ఎండ్రొయ్యలు దంచి, వెల్లుల్లి రేకులు విడిగా బంగారు రంగు వచ్చేదాకా వేపి తీసి (ఒక్క నిమిషం ఏమరిస్తే చేదు), అన్నీ కలిపి సీసాలో పెట్టుకుంటే వేడన్నంలోకీ పెరుగన్నంలోకీ కూడా. పై అరకి ఎక్కని మొదటి ఫారిన్ సీసా అది.

అన్నీ బాగున్నాయని చెప్పను. లపెట్, అంటే సలాడ్‌లా కలుపుకుని తినే పులియబెట్టిన టీ ఆకు, వాళ్ళకి పెళ్ళికీ పండక్కీ ఉండాల్సిన వంటకం. గ్రీన్ టీ ఆకు నానబెట్టి ఇంట్లో చేద్దామని చూశాను, కషాయం అయింది, పారబోశాను. అది నాకు రాదని ఒప్పేసుకున్నాను. అంతకంటే పెద్ద లోటు, విశాఖలో నా వంట పక్కన పెట్టి పోల్చుకోవడానికి నాకు తెలిసిన బర్మా హోటల్ లేదు, నేను ఆ దేశం వెళ్ళలేదు, 2021లో సైన్యం మళ్ళీ అధికారం పట్టాక వెళ్ళే ధైర్యమూ లేదు. ఇటాలియన్ అయితే ఏ హోటల్‌కో వెళ్ళి, ఓహో ఇలా ఉండాలా అనుకోవచ్చు. నాకున్న ప్రమాణమల్లా మామ్మగారి నాలుక. అది ఏడేళ్ళ పిల్ల జ్ఞాపకం, అదీ తెలుగింట్లో తెలుగమ్మ చేసిన మొహింగా జ్ఞాపకం. అచ్చమైన బర్మా వంటకీ దీనికీ ఎంత దూరమో కొలిచే సాధనం నా దగ్గర లేదు. అయినా ఆ మాట సీసా మీది వంకర అనువాదం కంటే, ఎవరో ఇంగ్లీషు యూట్యూబర్ తూకం కంటే నాకు నమ్మకంగా ఉంది. ఎదురుగా కూర్చుని తిని, పలసగా ఉందని మొహం మీద చెప్పే మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

పోయిన నెల పద్నాలుగోసారి చేసినప్పుడు సేమ్యా కూడా కొనలేదు. బియ్యప్పిండి ఉక్కించి జంతికల గొట్టంతో నేరుగా మరిగే నీళ్ళలోకి ఒత్తాను, తేలగానే తీసి చన్నీళ్ళలో వేశాను. సగం ముక్కలైపోయాయి. క్యారేజీ అందుకుని మామ్మగారు ముందు చిక్కదనం చూసింది, పిండి సరిపోయిందంది. రెండు ముద్దలయ్యాక చుట్టూ చూసి, "బజ్జీలేవి?" అంది.

"ఏ బజ్జీలు మామ్మగారూ?"

"ఆనపకాయ బజ్జీ బాబూ. ముక్కలు నలిపి పైన ఏసుకోవాలి. అది నేకుండా ఎవులు తింటారు?"

ఇన్నిసార్లు తిని ఇప్పుడు చెప్తోంది. రేపు ఆదివారం కదా, ఆరింటికల్లా రైతుబజార్‌లో ఉండాలి, ఏడు దాటితే లేత ఆనపకాయలు మిగలవు.